వైరస్ వస్తున్నదట!

2025 మే 9, శుక్రవారం. ఆర్మూర్

ఇవాళ దుకాణంలో జిరాక్సుల పని తక్కువ, ధైర్యం చెప్పే పని ఎక్కువ. మొన్న పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ వార్త వచ్చినప్పటి నుంచి టీవీల్లో ఒకటే కేకలు. పొద్దున షట్టర్ లేపేసరికి ఫోన్లో గ్రూపు గ్రూపుకూ ఒకే మెసేజ్ వచ్చి కూర్చుంది. పాకిస్తాన్ వాళ్ల రాన్సమ్‌వేర్ దాడి వల్ల రెండు మూడు రోజులు ఏటీఎంలు బంద్ అట. ఆన్‌లైన్‌లో పైసలు పంపొద్దట. ‘డాన్స్ ఆఫ్ ది హిల్లరీ’ అని ఒక వీడియో వస్తుందట, తెరిస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకు పోతుందట. ఈ సంగతి ఈ రోజే బీబీసీ రేడియోలో చెప్పారట. తెలిసినవాళ్లందరికీ పంపాలట.

ఆర్మూర్‌లో బీబీసీ రేడియో వినేవాళ్లు ఎవరో నాకు తెలియదు. అడిగినవాళ్లు కూడా లేరు.

పెర్కిట్ కాక ఆధార్ పని మీద వచ్చి, ఆ పని మరిచిపోయి ఇదే అడిగాడు. “తమ్మీ, మొన్ననే నిజామాబాద్ యార్డుల పసుపు అమ్మిన. పైసలు ఖాతాల పడ్డయ్. ఏటీఎం బందైతదట గదా, ఇయ్యాలనే తీసుకుంటే మంచిదా?” ఏటీఎం బందయినా బ్యాంకు ఉంటది, పాస్‌బుక్కు ఉంటది, నీ పైసలు ఆ డబ్బాల లేవు కాక అని చెప్పాను. అంతా విని, తల ఊపి, సీదా పోయి ఏటీఎం లైన్లో నిలబడ్డాడు. ఎండ మండిపోతోంది. ఆ లైన్ చూసినవాళ్లు ఇంకొందరు వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికి మిషన్‌లో నోట్లు అయిపోయాయి. “చూసినవా, నిజంగనే బందైంది” అన్నారు జనం.

పసుపు కొని సాంగ్లీకి పంపే సేటు తన గుమాస్తా చేతికి ఒక మెయిల్ ప్రింటు ఇచ్చి పంపాడు. అక్కడి వ్యాపారి ఆఫీసు నుంచి వచ్చిందట. తీరా చూస్తే అదే హిల్లరీ. వాట్సాప్‌లో పుట్టిన ముక్కను ఎవరో మెయిల్లోకి దించారు. అసలు సంగతి నాలుగు లైన్లు, పైన చిరునామాలు రెండు పేజీలు. సాంగ్లీ, ఈరోడ్, నిజామాబాద్, మెట్‌పల్లి, ఎవరెవరు పసుపు వ్యాపారంలో ఉన్నారో వాళ్లందరి మెయిల్ చిరునామాలూ వరుసగా బయటపెట్టి పంపారు. మోసం చేసేవాడికి ఇంతకంటే మంచి జాబితా పైసలు పెట్టి కొన్నా దొరకదు. వైరస్ నుంచి కాపాడుకుందామని అందరూ కలిసి తయారుచేసిన జాబితా అది.

కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు ఇవాళే ఖండించారు. ఏటీఎంలు ఎప్పటిలాగే పనిచేస్తాయి, ఈ మెసేజ్ అబద్ధం అన్నారు. దాన్ని అవే గ్రూపుల్లో పెట్టాను. ఎవరూ ముందుకు పంపలేదు. ఖండనకు కాళ్లుండవు.

మే 10, శనివారం

సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. మెసేజ్‌లకు మాత్రం విరమణ లేదు.

ఈ ముక్క ఎక్కడో చదివినట్టుందే అని నిన్నటి నుంచి మనసులో తొలుస్తోంది. పాత మెయిళ్లు వెతికితే దొరికింది. 2017 మే నెల. అదే ఏటీఎం, అవే రెండు మూడు రోజులు, అదే హిల్లరీ, అదే బీబీసీ రేడియో, అదే ‘ఈ రోజే చెప్పారు’. ఎనిమిదేళ్ల కింద ‘ఈ రోజు’ అన్నది ఇవాళ్టికీ ‘ఈ రోజే’. ఇప్పుడు కొత్తగా చేర్చింది పాకిస్తాన్ పేరు. దానికీ ముందు ఇదే వీడియో ‘డాన్స్ ఆఫ్ ది పోప్’ పేరుతో తిరిగింది. పోప్ పోయి హిల్లరీ వచ్చింది, నాట్యం మాత్రం ఆగలేదు. ఆ వీడియోను చూసినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు, ఎందుకంటే అది లేదు.

2017లో అది పుట్టడానికి ఒక కారణం ఉంది. ఆ ఏడు మే 12న వానాక్రై అనే అసలు సిసలు రాన్సమ్‌వేర్, ఫైళ్లకు తాళం వేసి పైసలు అడిగే రకం, ప్రపంచం మీద పడింది. ఇంగ్లండ్‌లో చాలా ఆసుపత్రుల్లో పనులు ఆగిపోయాయి. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అప్పటికి మన దేశంలో చాలా ఏటీఎంలు పాత విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తున్నాయన్నదీ నిజమే. ఆ నిజాలను ముందు నిలబెట్టి, వెనక అబద్ధం నడిచింది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. వానాక్రై ఏ వీడియో రూపంలోనూ రాలేదు. ఎవరూ ఏదీ తెరవాల్సిన పని లేకుండా నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తనంతట తానే పాకింది. విండోస్‌లో ఒక లోపం ఉంది, దానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే మందు విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన రాలేకపోయింది. జనానికి అందాల్సిన మాట ‘అప్‌డేట్ చేసుకోండి’. అందిన మాట ‘వీడియో తెరవకండి, అందరికీ పంపండి’.

ఈసారి కొన్ని మెసేజ్‌లలో ‘టాస్క్‌ఎస్‌సీహెచ్‌ఈ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ఫైలు వస్తే ముట్టుకోవద్దని కూడా రాశారు. అది వానాక్రైలోని ఫైలు పేరే. విండోస్ కంప్యూటర్ కోసం చేసిన ఆ ఫైలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవనే నడవదు. కొన్ని న్యూస్ చానెళ్లు కూడా ఈ మెసేజ్‌ను నిజం వార్తలాగే చదివేశాయి. ఇక పెర్కిట్ కాకను ఏమనగలం?

మే 11, ఆదివారం

దుకాణం సగం రోజే. కూర్చుని పాత సంగతులు రాసుకుంటున్నాను.

ఈ జాతి అబద్ధాలకు ముత్తాత 1994 చివర్లో అమెరికాలో పుట్టింది. ‘గుడ్ టైమ్స్’ అనే శీర్షికతో మెయిల్ వస్తే చదవకండి, చదివితే హార్డ్ డిస్క్ ఖాళీ అవుతుంది అని. ఆ రోజుల్లో మెయిల్ అంటే ఉత్త అక్షరాలు. అక్షరాలు చదివితే కంప్యూటర్ ఎందుకు చెడుతుంది? అమెరికా ఇంధన శాఖ కింద పనిచేసే సియాక్ అనే భద్రతా బృందం ఆ డిసెంబర్‌లోనే ఇది అబద్ధమని చెప్పింది. అయినా ఏళ్ల తరబడి తిరిగింది. తిరిగేకొద్దీ బలిసింది. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ చెప్పిందని ఒకరు చేర్చారు. ప్రాసెసర్‌ను ఏదో ‘అనంత బైనరీ లూప్’లో పడేసి కాల్చేస్తుందని ఇంకొకరు అతికించారు. అర్థం లేని మాటే, కానీ వినడానికి గంభీరంగా ఉంటుంది. అర్థం కానిదాన్ని నమ్మే అలవాటు పెద్ద చదువులు చదివినవాళ్లకే ఎక్కువని నా అనుభవం.

నాకు ప్రత్యక్షంగా తెలిసింది 2002 నాటి ఎలుగుబంటి కథ. అప్పుడు ఇదే దుకాణం ఇంటర్నెట్ సెంటర్. డయల్-అప్ లైను, కీచుమని అరిచే మోడెం. వచ్చేవాళ్లలో సగం మంది దుబాయ్, మస్కట్, కువైట్‌లలో అన్నో, కొడుకో, మొగుడో ఉన్న ఇళ్లవాళ్లే. ఫోన్ చేస్తే నిమిషానికి బోలెడు బిల్లు, మెయిల్ అయితే చౌక. తల్లి పక్కన కూర్చుంటే చదువుకున్న పిల్లో పిల్లగాడో కొడుకు మెయిల్ పైకి చదివేవాళ్లు.

ఆ ఎండాకాలంలో దుబాయ్ నుంచి ఒక పెద్దకొడుకు, పైసల సంగతి రాయాల్సిన చోట, ఇంగ్లిషులో ఒక హెచ్చరిక పంపాడు. నా కంప్యూటర్లో వైరస్ ఉంది, నా అడ్రస్ బుక్‌లో మీ పేరుంది కాబట్టి మీ కంప్యూటర్‌కూ వచ్చి ఉంటుంది. మెకాఫీ, నార్టన్ పట్టుకోలేవు. 14 రోజులు చప్పుడు చేయకుండా ఉండి తర్వాత అంతా నాశనం చేస్తుంది. స్టార్ట్ నొక్కి, వెతికే పెట్టెలో ‘జేడీబీజీఎంజీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ’ అని కొట్టండి. ఎలుగుబంటి పిల్ల బొమ్మ కనిపిస్తుంది. తెరవకుండా తీసేయండి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి, మీ అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ చెప్పండి.

కంప్యూటర్ ముందున్న పిల్లగాడు వెతికాడు. బొమ్మ దొరికింది! “అన్నా, ఉన్నదే!” అని కేక. పక్క కంప్యూటర్లోనూ ఉంది. అన్నింటిలోనూ ఉంది. ఎందుకుండదు? జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకు పనికొచ్చేందుకు మైక్రోసాఫ్ట్ విండోస్‌తో పాటే ఇచ్చిన మామూలు ఫైలది, బొమ్మ కూడా వాళ్లు పెట్టిందే. నార్టన్ తయారుచేసే సిమాంటెక్ వాళ్ల సైటులో అబద్ధాల జాబితాలో ఇది అప్పటికే ఉంది. తెరిచి చూపించాను. ఆ పిల్లగాడు నా మొహం, ఆ ఎలుగుబంటి మొహం మార్చి మార్చి చూసి, ఎలుగుబంటినే తీసేశాడు. మిగతావాళ్లూ తీసేశారు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్లకు రుజువైంది.

నేను చదివిన అబద్ధాల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. నమ్మమని అడగదు, వెతికి చూసుకోమంటుంది. వెతికితే తప్పకుండా దొరుకుతుంది. తీసేస్తే మామూలు మనిషికి తేడా తెలియదు. వైరస్ చేసే పనులు రెండు, పాడు చేయడం, పాకడం. ఇక్కడ ప్రోగ్రామే లేదు, రెండు పనులూ మనిషితోనే చేయించారు. అంతకు ముందు ఏడాది, 2001లో, బ్రెజిల్ వైపు నుంచి బయల్దేరిన ‘సల్ఫ్‌ఎన్‌బీకే’ హెచ్చరిక కూడా ఇదే బాపతు. అదీ విండోస్ 98లో ఉండే ఫైలే, ఫైళ్ల పొడుగు పేర్లను తిరిగి తెచ్చేది. జూన్ 1న పేలుతుందన్నారు. కాకపోతే దాని వెనక ఒక తిరకాసు ఉంది. మాజిస్టర్ అనే అసలు వైరస్ అప్పట్లో అదే పేరున్న ఫైలుకు అంటుకుని కొందరికి మెయిల్లో వచ్చింది. నిజంగా చెడ్డ ఫైలు అందుకున్న ఎవరో భయపడి, అందరి దగ్గరున్న మంచి ఫైలును కూడా అనుమానించి ఉంటారు. అబద్ధం పుట్టించినవాళ్లందరూ దుర్మార్గులే అనుకోనక్కర్లేదు.

తలకిందులైన సందర్భమూ ఉంది. 1997లో ‘ఏఓఎల్ ఫోర్ ఫ్రీ’ అని మెయిల్ వస్తే వైరస్ అంటూ ఉత్త పుకారు లేచింది. కొన్నాళ్లకు ఎవడో అదే పేరుతో ఫైళ్లు చెరిపేసే అసలు ప్రోగ్రాం రాసి వదిలాడు. మెయిల్ తెరిస్తే చాలు అన్న 1994 నాటి అబద్ధం కూడా 1999 నవంబర్‌లో బబుల్‌బాయ్‌తో కొంత నిజమైంది. ఔట్‌లుక్ వాడుకునే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని లోపం వల్ల అటాచ్‌మెంట్ ముట్టుకోకుండానే అది నడిచేది. ఫోన్లలో వీడియోల సంగతీ అంతే, 2015లో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది, ఎంఎంఎస్‌లో వచ్చిన వీడియోతో ఫోన్‌లోకి దూరే వీలుండేది. కాబట్టి ‘అసలు జరగనే జరగదు’ అని నేను ఎవరికీ చెప్పను. ఆ లోపాలన్నిటికీ అప్‌డేట్లు వచ్చాయి. నేను చూసిన అబద్ధపు హెచ్చరిక ఏదీ ఇంతవరకు అప్‌డేట్ చేసుకోమనలేదు.

మే 14, బుధవారం

సేటు తానే వచ్చాడు, గుమాస్తా వెంట ఉన్నాడు. కుర్చీ లాక్కుని, చాయ్ చెప్పించి, వ్యాపారి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. “సరే, అబద్ధమే అనుకుందాం. గిట్ల చేస్తే వానికేం లాభం?”

యార్డులో పుకారుకు ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు. రేపు ధర పడుతదట అని మాట లేచిందంటే, ఎవడో ఇవాళ కొనడానికి కూర్చున్నాడని రైతుకూ తెలుసు, తూకం వేసే దడ్వాయికీ తెలుసు. సేటు జీవితమంతా అట్లాంటి మాటలను వాసన చూసి పట్టుకున్నవాడే. మరి హిల్లరీని ఎందుకు నమ్మాడు? ఎవరికీ లాభం కనిపించలేదు గనుక. లాభం లేకుండా అబద్ధమెందుకు చెబుతారు అనే లెక్క దగ్గర తెలివైన వ్యాపారి బోల్తాపడ్డాడు. పైగా చెప్పింది తన సాంగ్లీ స్నేహితుడు, ఇరవై ఏళ్ల నమ్మకం. ఆ స్నేహితుడు కూడా మంచి కోరే పంపాడు. మధ్యలో ఉన్నవాళ్లంతా మంచివాళ్లే కావడం వల్లే ఇది ఇంత దూరం వస్తుంది.

గుమాస్తాకు కొన్ని సంగతులు చెప్పాను, మళ్లీ అడుగుతాడు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా. ముందు తేదీ చూడు. ‘ఈ రోజే’, ‘నిన్ననే’ అని ఉండి తేదీ లేకపోతే సగం పని అయిపోయినట్టే. 2006లో ‘ఒలింపిక్ జ్యోతి’ అనే మెయిల్ హార్డ్ డిస్క్‌ను కాల్చేస్తుందని తిరిగింది, దాన్ని మెకాఫీ ‘నిన్న’ కనిపెట్టిందని ఉండేది. ఆ నిన్న కొన్నేళ్లు నడిచింది. తర్వాత పెద్ద పేర్లు చూడు. మైక్రోసాఫ్ట్, సీఎన్ఎన్, బీబీసీ అని ఉంటుంది గానీ వాళ్లు ఎక్కడ చెప్పారో లింకు ఉండదు. ఉన్నా దాన్ని నొక్కకు, ఆ సంస్థ సైటుకు నువ్వే వెళ్లి చూడు. ఆ వైరస్ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన ‘హోక్స్’ అనో ‘ఫేక్’ అనో చేర్చి గూగుల్‌లో వెతికితే, చాలాసార్లు పదేళ్ల కిందటి సమాధానమే బయటపడుతుంది. హైదరాబాద్‌లో వార్తల నిజానిజాలు చూసే ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులోనే రాస్తున్నారు. ఫైలు తీసేయమనో, సెట్టింగు మార్చమనో మెయిల్ చెబితే చేయకు, నాకు ఫోన్ చెయ్. ‘అందరికీ పంపండి’ అని ఉంటే అక్కడే ఆపు.

అసలు హెచ్చరిక ఎలా ఉంటుందో కూడా చూపించాను. మన దేశానికి సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, 2004 నుంచి పనిచేస్తోంది. వాళ్ల సైటులో ప్రతి హెచ్చరికకూ ఒక నంబరు, తేదీ, ఏ సాఫ్ట్‌వేర్, అందులో ఏ వెర్షన్, తీవ్రత ఎంత, ఏ అప్‌డేట్ వేయాలి అన్నీ ఉంటాయి. చదవడానికి చప్పగా ఉంటుంది. రెండు నిమిషాల్లో గుమాస్తాకు ఆవులింత వచ్చింది. “గిది ఎవడు చదువుతడన్నా?” అన్నాడు. నిజమే, హిల్లరీ అంత మజా దీంట్లో లేదు.

సేటు వెళ్తూ, “తప్పయితే తప్పాయె, పంపితే నష్టమేముంది?” అన్నాడు. ఆ మాటకే నాకు కోపం వస్తుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఇట్లాగే ‘నష్టమేముంది’ అని ఫోన్ ఫోన్‌కూ పంపారు. మన జిల్లాలోనే, భీమ్‌గల్ మండలంలో, ఒక మనిషిని అనుమానంతో కొట్టి చంపారు. ఆ రోజుల్లోనే గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా తిప్పి, డప్పులతో, పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆ ఏడు జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. మెయిల్‌కు అట్లాంటి పరిమితి ఎవరూ పెట్టలేదు. సేటు ఏమీ అనలేదు. చాయ్ పైసలు ఇచ్చి వెళ్లాడు.

జూన్ 30, సోమవారం

నిన్న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ఆఫీసును అమిత్ షా ప్రారంభించారు. పొద్దుటి నుంచి “ఏం ఫారం నింపాలె, యాప్ ఏదైనా ఉన్నదా” అని రైతులు అడుగుతున్నారు. బోర్డు వాళ్లు చెప్పేదాకా ఏదీ లేదు, ఎవరు పంపినా నొక్కకండి అంటున్నాను. ఆశ ఉన్నచోటికి మోసగాడు ముందు వస్తాడు.

జులై 12, శనివారం

వచ్చాడు. పసుపు బోర్డు పేరుతో కాదు, పీఎం కిసాన్ పేరుతో.

ఇరవయ్యో విడత పైసలు ఇంకా పడలేదు, అందరూ ఎదురుచూస్తున్నారు. అంకాపూర్ పెద్దమ్మ కొడుకు ఫోన్‌కు ఊరి గ్రూపులో ‘పీఎం కిసాన్ డాట్ ఏపీకే’ అని ఒక యాప్ ఫైలు వచ్చింది. పంపింది తెలిసినవాడే, అతని వాట్సాప్ అప్పటికే పోయిందని అతనికే తెలియదు. నొక్కాడు. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించాలా అని ఫోన్ అడిగితే సరే అన్నాడు. మెసేజ్‌లు చదవనివ్వాలా అంటే దానికీ సరే అన్నాడు. ఇక ఓటీపీ అతనికి ఎంతో, అవతల కూర్చున్నవాడికీ అంతే. కాసేపటికి అతని నంబరు నుంచి అదే ఫైలు మిగతా గ్రూపులకూ పోవడం మొదలైంది.

వాళ్లు దుకాణానికి పరుగెత్తుకొచ్చారు. ముందు ఫోన్‌లో డేటా, వైఫై ఆపేశాం. నా ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకు చేసి ఖాతా ఆపించాం. యాప్ తీసేశాం, వాట్సాప్‌లో తెలియని పరికరాలను తొలగించాం. కొంత పోయింది, కొంత ఆగింది. అంతా అయ్యాక ఆ పిల్లగాడు అన్న మాట రాసుకోకుండా ఉండలేకపోతున్నా. “అన్నా, మేలో హిల్లరీ వీడియో వస్తదేమో అని నెల రోజులు ఏ వీడియో తెరువలేదు. గిది వీడియో కాదు గదా అనుకున్న.”

పెళ్లిపత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో కూడా ఇట్లాంటి ఏపీకేలే తిరుగుతున్నాయి. వీటిలో దేనికీ ముందు హెచ్చరిక రాదు, భయపెట్టదు, అందరికీ పంపమని అడగదు. తానే పంపుకుంటుంది. ఇక్కడ లాభం ఎవరిదో సేటుకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం రెండు కాగితాలు ప్రింట్ తీసి దుకాణం తలుపుకు అంటించాను. ఒకదాని మీద ‘ఏపీకే ఫైలు ఎవరు పంపినా, సొంత తమ్ముడు పంపినా, తెరవొద్దు’. ఇంకోదాని మీద పెద్ద అంకెల్లో 1930. సేటు గుమాస్తా వచ్చి ఆ కాగితాలను ఫోటో తీసుకున్నాడు, గ్రూపులో పెడతాడట. పెట్టుకో, కానీ కింద ఇవాళ్టి తేదీ వెయ్ అన్నాను.